బుడంకాయ తలగడ

"తాగండి మావయ్యగారూ! ముందు తాగండి, మాటలు తర్వాత!"

అల్లుడు గుమ్మంలోంచే అరుస్తూ వచ్చాడు. చెప్పులు కూడా విడవలేదు. జేబులో కత్తెర, చెవి వెనక దువ్వెన, చేతుల నిండా ఎవరివో జుట్టుముక్కలు. సెలూన్లో ఒక పెద్దమనిషికి సగం తల కత్తిరించి, మిగతా సగం అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో ఫోను ఇంకా కుయ్యోమొర్రో అంటూనే ఉంది.

మావగారు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉన్నాడు. ఎత్తుచేతుల పాత సోఫా కుర్చీ అది. ఆయన ఎడమచేతి మీద తల పెట్టుకుని, నోరు తెరుచుకుని, మనవరాలు బుడంకాయ ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. అదే చేతికి భుజానికి కాస్త కింద, వెనకవైపు, కోటుగుండీ అంత తెల్లటి బిళ్ళ అతికించి ఉంది. ఒంట్లో షుగరెంతుందో ఆ బిళ్ళ ఎప్పటికప్పుడు ఇంట్లో అందరి ఫోన్లకీ చేరవేస్తుంది. బిళ్ళ పెట్టిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో మధ్యాహ్నం కునుకన్నది బుడంకాయకి తప్ప ఎవరికీ లేదు.

"ఉష్... ఇప్పుడే పడుకుంది" అన్నాడాయన.

"యాభై నాలుగండీ!"

"నాకు అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి. యాభై నాలుగు ఎవరికి, అల్లుడుగారూ?"

"మీ షుగరు, మావయ్యగారూ!"

ఈ 'అల్లుడుగారూ' అన్న పిలుపు వింటే బయటివాళ్ళు ఎంత మర్యాద అనుకుంటారు. ఇంట్లోవాళ్ళకి తెలుసు దాని సంగతి. కూతురు మంగలి షాపు కుర్రాణ్ణి చేసుకుంటానన్న రోజున ఆయన పల్లెత్తు మాట అనలేదు. పెళ్ళి దగ్గరుండి చేశాడు. ఆ తర్వాత అల్లుణ్ణి 'గారు' అని, 'మీరు' అని పిలవడం మొదలుపెట్టాడు. ఆ గౌరవం దాటి అల్లుడు ఇంతవరకూ ఒక్క అడుగు లోపలికి రాలేకపోయాడు.

అత్తగారు వంటింట్లోంచి గ్లాసు నిండా నారింజరసం తెచ్చింది.

"నువ్వెళ్ళి ముందు అమ్మాయికి ఫోన్ చెయ్యి బాబూ, అది అక్కడ హడలిపోతూ ఉంటుంది. ఈయన చేత నేను తాగిస్తాను."

అల్లుడు వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసి తిరిగొచ్చేసరికి గ్లాసు ఖాళీ. అత్తగారు కొంగుతో మూతి తుడుచుకుంటోంది. అతను ఆ సంగతి గమనించలేదు.

కాసేపటికి కూతురు వచ్చింది. కళ్ళజోళ్ళ షాపులో పని ఆమెది. మెడలో కొలతల టేపు అలాగే వేళ్ళాడుతోంది. వచ్చీ రాగానే తండ్రి చేతిమీంచి పాపని ఎత్తేసుకుంది. బుడంకాయ ఇల్లెగిరిపోయేలా ఏడుపు లంకించుకుంది.

"ఎందుకే దాన్ని లేపావు?" అన్నాడు తండ్రి.

"ఎందుకా? నువ్వు కళ్ళు తిరిగి పడితే నీతోపాటు ఇదీ పడుతుంది కాబట్టి!"

"నేనెక్కడ పడ్డాను?"

"పడ్డాక చెప్తావా?"

పాప ఏడుస్తూనే ఉంది. కూతురు దాన్ని భుజాన వేసుకుని గది ఈ మూల నుంచి ఆ మూలకి తిప్పుతూ, రెండో చేత్తో ఫోను చూస్తూ, మధ్యమధ్యలో తండ్రిని కేకలేస్తోంది. మూడు పనులూ ఒకేసారి చేయడం ఆమెకి వెన్నతో పెట్టిన విద్య.

"అరవై ఎనిమిది... ఎనభై ఒకటి... హమ్మయ్య. చూశావా? రసం తాగేసరికి ఎలా లేచిందో! రసం లేకపోతే ఏమయ్యేది?"

తండ్రి భార్య వంక చూశాడు. భార్య గోడగడియారం వంక చూసింది.

"నేనో మాట చెప్తాను, ఎవరూ అడ్డు చెప్పద్దు" అంది కూతురు. గొంతు తగ్గించింది. ఆమె అరిచినప్పటికంటే గొంతు తగ్గించినప్పుడే ఆ ఇంట్లో అందరికీ భయం. "సోమవారం నుంచి బుడంకాయ క్రెష్‌కి వెళ్తుంది. మాట్లాడేశాను. రేపు వాళ్ళే ఫోన్ చేస్తారు, ఖాయం అని చెప్పేస్తాను."

పాప ఏడుపాపి ఎక్కిళ్ళు పెడుతోంది.

"నాన్నా, నువ్వే చూడు. పొద్దున్న బాగుంటావు, సాయంత్రం బాగుంటావు. మధ్యాహ్నం దీన్ని ఎత్తుకుని కూర్చున్నప్పుడే షుగరు పడిపోతోంది. దీన్ని మొయ్యడం నీవల్ల కావట్లేదు. ఒప్పుకోవడానికి నామోషీ దేనికి?"

జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి ఆయన. ఎన్ని అంతస్తుల మధ్య, ఎన్ని చీకటి గొట్టాల్లో, తీగలు పట్టుకుని వేళ్ళాడాడో లెక్కలేదు. ఏ రోజూ చెయ్యి వణకలేదు. ఇప్పుడు పదికేజీలైనా లేని పిల్లని మొయ్యలేవు అంటే ఆయనకి నవ్వు రావాలి. రాలేదు.

ఎడమచేతి మీద పాప తల ఆనినచోట చెమట తడి ఇంకా ఆరలేదు. దానిమీద అరచెయ్యి వేసుకుని కూర్చున్నాడు. కూతురు చెప్పేది తప్పని ఎలా అంటాడు? ఫోను చూపిస్తోంది కదా. కానీ ఆ మధ్యాహ్నాలు కూడా పోతే తనకి రోజులో ఏం మిగులుతుందో ఆయనకి అర్థం కాలేదు.

ఆయన మొహం భార్య చూసింది. ఇంక ఆమె వల్ల కాలేదు.

"ఏమే, ఆ రసం గొప్పతనం గురించి మాట్లాడకు" అంది కూతురితో.

"ఏం?"

"అది తాగింది నేను."

అల్లుడు ఖాళీ గ్లాసు వంక, అత్తగారి మూతి వంక మార్చి మార్చి చూశాడు.

"ఆయనకి పులుపు పడదు. చిన్నప్పట్నించీ అంతే. పారబొయ్యడానికి నాకు మనసొప్పదు. అంచేత నేనే..."

"ఈ ఒక్కరోజేనా?" అంది కూతురు పళ్ళు బిగించి.

అమ్మ నీళ్ళు నమిలింది. "రోజూనే."

"అమ్మా! నాన్న ప్రాణాలతో ఆటలా? మీ ఇద్దరికీ బుద్ధుందా అసలు?"

"ఆయన బాగానే ఉన్నారు కదే! ఒక్కసారైనా చెమట పట్టిందా, వణికారా? ఎదురుగా కూర్చుని చూసేదాన్ని నేను. నువ్వు చూసేది ఫోను."

"ఫోను అబద్ధం చెప్తుందా?"

"ఏమో నాకేం తెలుసు. రసం నా కడుపులోకి పోయింది, షుగరు ఆయనకి పెరిగింది. అదెలాగో మీ చదువుకున్నవాళ్ళే చెప్పాలి."

ఇంతలో తలుపు చప్పుడైంది. గుమ్మంలో ఒక పెద్దమనిషి. మెడచుట్టూ సెలూన్ గుడ్డ. తలమీద కుడిపక్క నున్నగా దువ్వినట్టుంది, ఎడమపక్క పొదలా ఉంది.

"వీధిలో అందరూ నన్నే చూస్తున్నారయ్యా" అన్నాడు అల్లుడితో, ఏడవలేక నవ్వుతూ. "ఇంకెంతసేపు?"

అల్లుడు తేలుకుట్టిన దొంగలా నిలబడిపోయాడు. అత్తగారే ఆయన్ని లోపలికి పిలిచి కుర్చీ వేసింది. సంగతి వినగానే ఆయన తన అవతారం మరిచిపోయాడు. "షుగరా? నాకూ ఉందండీ. నేను పాతకాలం మనిషిని, వేలు పొడుచుకునే రకం" అంటూ జేబులోంచి చిన్న మీటరు పెట్టె తీసి, సొంత బిడ్డని చూపించినంత మురిపెంగా చూపించాడు.

కూతురు మాత్రం ఇవేవీ వినడం లేదు. రసం తాగలేదు. అయినా షుగరు పెరిగింది. తను వచ్చాక ఈ గదిలో మారిందల్లా ఒక్కటే, పాప ఆ చేతిమీంచి లేవడం.

పాపని తల్లికి అందించి తండ్రి దగ్గరికి వెళ్ళింది. చొక్కా చెయ్యి పైకి మడిచి చూసింది. బిళ్ళ చుట్టూ చర్మం మీద గుండ్రటి గుంట, ఎర్రగా, లోతుగా.

రోజంతా ఆమె చూసేది ఇలాంటి గుంటలే. కళ్ళజోడు బిగుతైతే ముక్కుకి అటూ ఇటూ పడతాయి. జోడు తీసిన కాసేపటికి మళ్ళీ రక్తం పారి మామూలవుతాయి.

"నాన్నా, దీన్ని పడుకోబెట్టుకుని ఒకసారి కూర్చో, నేను చూస్తాను."

"ఇప్పుడది ఎందుకు పడుకుంటుంది? లేపి కూర్చోబెట్టావుగా."

నిజమే. బుడంకాయ అమ్మమ్మ చంకలో కూర్చుని, సగం తలాయన్ని చూసి కేరింతలు కొడుతోంది.

కూతురు గదంతా కలియజూసి, మొగుడి దగ్గర ఆగింది.

"నువ్వు పెట్టు తల."

"నేనా? మావయ్యగారి చేతిమీదా?"

"ఆయన చెయ్యి కుర్చీకి ఆని నొక్కుకోవాలి. అంతే. రా."

పెళ్ళయ్యాక ఆ మామా అల్లుళ్ళు ఒకళ్ళనొకళ్ళు ముట్టుకున్నది దండాలు పెట్టేటప్పుడే. అల్లుడు కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, బిక్కుబిక్కుమంటూ తల ఆ చేతిమీద వాల్చాడు. మావగారు ఎటు చూడాలో తెలియక కప్పు వంక చూశాడు. అత్తగారు నవ్వాగక వంటింట్లోకి పారిపోయింది.

"కళ్ళు మూసుకోవాలా?" అన్నాడు అల్లుడు.

"నీ ఇష్టం. తల మాత్రం ఎత్తకు" అంది భార్య.

అలా చాలాసేపు ఉన్నారు. అల్లుడి ఒంటిమీంచి సబ్బు వాసన, పౌడరు వాసన వస్తోంది. జుట్టు మెత్తగా ఉంది. ఈ కుర్రాడు ఇలా ఫోను మోగినప్పుడల్లా ఎన్నిసార్లు ఎండలో పరుగెత్తుకొచ్చాడో, ఎంతమంది తలలు సగంలో వదిలేశాడో అప్పుడు తట్టింది మావగారికి. ఒక్కరోజూ విసుక్కోలేదు.

"నూట ఏడు" అంది కూతురు. కాసేపాగి, "ఎనభై తొమ్మిది... డెబ్భై రెండు..."

ఫోను మళ్ళీ కుయ్యోమంది. అరవై మూడు.

"ఇప్పుడు, బాబాయిగారూ!" అంది కూతురు. పెద్దమనిషి మీటరుతో సిద్ధంగా ఉన్నాడు. మావగారి వేలు పొడిచి, చుక్క రక్తం తీసి మీటరుకి అందించాడు. అల్లుడిది తప్ప, గదిలో అందరి తలలూ ఆ చిన్న పెట్టెమీదికి వంగాయి.

నూట పద్దెనిమిది.

అందరూ ఒకేసారి మాట్లాడారు. "నే చెప్పలా!" అంది అమ్మ వంటింట్లోంచి. కూతురు తండ్రి పక్కన కూలబడి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "నొక్కుకుపోయింది నాన్నా... అది నీ చెయ్యి మీద పడుకుంటే బిళ్ళ నొక్కుకుపోయి, కింద రక్తం సరిగ్గా పారక తప్పు చెప్పింది. అంతే. అంతే..."

అల్లుడు ఇంకా తల ఎత్తలేదు. ఎవరూ ఎత్తమనలేదు మరి.

"లేవరా అబ్బాయ్" అన్నాడు మావగారు. "నీ తల బరువే."

అల్లుడు లేచి కూర్చున్నాడు. 'గారు' లేదు. 'మీరు' లేదు. భార్య వంక చూశాడు, తను సరిగ్గానే విన్నాడా అన్నట్టు. ఆమె తలూపింది.

"ఏమయ్యా, మరి నా మిగతా సగం?" అన్నాడు పెద్దమనిషి.

ఆయనకి ఆ వరండాలోనే క్షవరం పూర్తయింది. డబ్బు పుచ్చుకోలేదు అల్లుడు. రసం మాత్రం తాగి వెళ్ళమన్నాడు. షుగరున్నవాడికి రసమేమిటయ్యా అని ఆయన నవ్వుతూ వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కూతురు పాత బిళ్ళ తీసేసి, కొత్తది తండ్రి కుడిచేతికి పెట్టింది. బుడంకాయ పడుకునేది ఎడమచేతి మీద. ఇంక గొడవే లేదు.

"మరి క్రెష్ వాళ్ళకి వద్దని చెప్పేయ్" అన్నాడు తండ్రి, మాట యథాలాపంగా అన్నట్టు.

కూతురు బిళ్ళ అంచులు వేలితో అద్దుతూ ఉండిపోయింది.

"ఫోన్ రేపు కదా. చూద్దాం."

"ఇంకా చూడ్డానికేముంది?"

"ఇన్నాళ్ళూ ఉత్తినే మోగింది నాన్నా. రేపెప్పుడో నిజంగా మోగితే, ఆ ఏముందిలే అని ఊరుకుంటామేమో. నా భయం పూర్తిగా పోలేదు. ఏం చెయ్యను?"

తండ్రి చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం సెలూన్లో అల్లుడు ఒకాయన బుగ్గకి నురగ రాస్తూ ఈలవేస్తున్నాడు. పొద్దున్న మావగారు "టిఫిన్ చేశావా" అని అడిగాడు మరి. ఫోను మోగింది. అరవై ఒకటి. "మా బుడంకాయ పడుకున్నట్టుంది" అని నవ్వి, కత్తి చేతిలోకి తీసుకున్నాడు.

కత్తి బుగ్గకి ఆనలేదు. బిళ్ళ ఇప్పుడు కుడిచేతికి ఉంది.

కత్తి పక్కన పడేసి, నురగచేతులతోనే పరుగుతీశాడు. దారిలో అత్తగారు గుర్తొచ్చింది. మధ్యాహ్నం మందుల షాపుకి వెళ్తానని పొద్దున్నే చెప్పింది. ఇంట్లో ఆయనా, పాపా తప్ప ఎవరూ లేరు.

తలుపు దగ్గరికి వేసి ఉంది. సోఫా కుర్చీ ఖాళీ. గదిలోంచి బుడంకాయ ఏడుపు. గుక్కపట్టి ఏడుస్తోంది. కటకటాల మంచంలో ఉంది, చుట్టూ దిండ్లు పెట్టి ఉన్నాయి. అల్లుడు దాన్ని ఎత్తుకుని, "మావయ్యా!" అంటూ వంటింట్లోకి వెళ్ళాడు.

ఆయన నేలమీద కూర్చుని గోడకి చేరగిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయింది. పక్కన ఖాళీ గ్లాసు. మొహం వికారంగా పెట్టి ఉన్నాడు.

"ఎంత పులుపురా ఇది!" అన్నాడు అల్లుణ్ణి చూసి. "దీన్ని మీ అత్తయ్య రోజూ ఎలా తాగిందిరా?"

అల్లుడు పాపతో సహా ఆయన పక్కనే కూలబడ్డాడు. నవ్వాడో ఏడ్చాడో అతనికే తెలియలేదు.

కూతురు పరుగెత్తుకొచ్చేసరికి ముగ్గురూ నేలమీదే ఉన్నారు. ఆమె అరుస్తుందనుకున్నారు. అరవలేదు. తండ్రి ఎదురుగా కూర్చుని ఆయన వేళ్ళు పట్టుకుంది. ఇంకా సన్నగా వణుకుతున్నాయి.

"భోంచేశావా?"

"బుడంకాయ తినలేదు. బతిమాలుతూ కూర్చున్నాను. నాది మర్చిపోయాను."

"షుగరు మాత్ర?"

"వేసుకున్నాను."

"మాత్ర వేసుకుని అన్నం మానేశావు" అంది నెమ్మదిగా. "భయమేసిందా?"

అబద్ధం ఆడదామనుకున్నాడు. ఆడలేకపోయాడు. "ఏసింది. కళ్ళ ముందు మసకలొచ్చాయి. ఫోను మోగకముందే ఏదో తేడాగా ఉందనిపించింది. ముందు దాన్ని మంచంలో పెట్టేశాను. ఏడ్చింది. తాతా అని చేతులు చాపింది." ఆయన గ్లాసు వంక చూశాడు. "ఏడవనిచ్చానే. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసి ఇది తాగాను."

కూతురికి తెలుసు ఆ మాట విలువ. బుడంకాయ పుట్టిన దగ్గర్నుంచీ ఆయన దాన్ని ఒక్క క్షణం ఏడవనిచ్చిన మనిషి కాదు. ఆమె భయపడిందంతా జరిగింది. ఆమె అనుకున్నట్టు మాత్రం జరగలేదు. తండ్రి మోకాలికి తల ఆన్చి కూర్చుండిపోయింది. అల్లుడు లేచి భోజనం వడ్డించాడు. మావగారు అక్కడే, నేలమీదే తిన్నాడు. ఫోనులో అంకె మెల్లిగా పైకి లేచింది. ఎక్కిళ్ళు తగ్గిన బుడంకాయ పాక్కుంటూ వెళ్ళి తాత ఒళ్ళోకి ఎక్కింది. కోపమేమీ పెట్టుకోలేదు.

అందరూ కుదుటపడ్డాక కూతురు ఫోను మోగింది. అందరూ ఉలిక్కిపడ్డారు. ఈసారి షుగరు కాదు. క్రెష్ వాళ్ళు.

కూతురు మొగుడి వంక చూసింది. తర్వాత ఫోను తండ్రి చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు నాన్నా."

"నేనేం చెప్పను?"

"నీకు తోచింది చెప్పు. ఉత్తినే మోగిందీ, నిజంగా మోగిందీ రెండూ నీకు తెలుసు. నువ్వేం చెప్పినా నాకు సరే."

నిన్నయితే తడుముకునేవాడు కాదు. వద్దని ఒక్కముక్కలో చెప్పి పెట్టేసేవాడు. ఇవాళ ఫోను చెవి దగ్గర పెట్టుకుని, చెమట ఆరని చొక్కాతో కూర్చుని ఉన్నాడు.

"హలో... అవునమ్మా, పాప తాతయ్యని." గొంతు సవరించుకున్నాడు. "ఒకమాట అడగాలి. రోజంతా కాకుండా, సగంపూట చేర్చుకుంటారా?"

కూతురు తలెత్తి చూసింది. ఆ మాట ఆయన నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు.

"తప్పకుండా అండీ" అంది అవతల అమ్మాయి గొంతు, అందరికీ వినిపించేంత గట్టిగా. "ఏ పూట రాసుకోమంటారు? పొద్దుటా, మధ్యాహ్నమా?"

ఆయన ఎడమచేతి మీద, రోజూ మధ్యాహ్నంలాగే, బుడంకాయ తల వాల్చింది. కనురెప్పలు బరువుగా రెండుసార్లు కొట్టుకుని మూతపడ్డాయి.

"హలో? ఉన్నారా అండీ? ఏ పూట?"